సంతకం పెట్టని ఇళ్ళు

ఉడుం ఆ ఇంట్లో అడుగుపెట్టేసరికి కంపెనీ మనిషి స్నానాల గదిలో ఉన్నాడు. బయట గొళ్ళెం వేసి ఉంది. గొళ్ళెం జారకుండా దాని కన్నంలో ఓ గరిటె కాడ కూడా దోపి ఉంది. తలుపుకి ఎదురుగా కుర్చీ వేసుకుని, ఒళ్ళో గొడుగు పెట్టుకుని చిట్టి కాపలా కూర్చుంది.

చిట్టి అంటే చిన్నపిల్ల కాదు. అరవై దాటిన మనిషి. సినిమా హాల్లో టికెట్ల కౌంటర్ వెనక జీవితమంతా గడిపి రిటైరైంది. ఆ ఇంటి యజమానురాలు ఆమె వదిన. పెద్దాసుపత్రిలో మేట్రన్‌గా పనిచేసిన మనిషి కావడంతో వీధి వీధంతా ఆమెను మేట్రనమ్మ అనే పిలుస్తుంది. అన్నగారు పోయాక వదినా ఆడపడుచూ ఆ ఇంట్లో ఒకరినొకరు సాధించుకుంటూ, ఒకరు లేకుండా ఒకరు ముద్ద ముట్టకుండా బతుకుతున్నారు.

"లోపలున్నది ఎవరు?" అడిగింది ఉడుం.

"తేనెసీసా," అంది చిట్టి. "పేరేదో చెప్పాడు గానీ నాకు గుర్తులేదు. మాటలు మాత్రం తేనెసీసా వొలకబోసినట్టుంటాయి. చేతులు కడుక్కుంటానని వెళ్ళాడు. కడుక్కోనిచ్చాను."

ఉడుం అన్నది పోలీసు శాఖ పెట్టిన పేరు. పట్టు పట్టిందంటే గోడైనా ఊడి రావాల్సిందే తప్ప ఆమె వదలదని సహోద్యోగులు వెనకాల అనుకునేవారు. ఆమె శాఖను వదిలేసింది గానీ పేరు ఆమెను వదల్లేదు. ఇప్పుడు సొంతంగా డిటెక్టివ్ పని చేస్తోంది. చేసేది ఒకే రకం కేసులు. రిపేర్ల పేరు చెప్పి ఇళ్ళ మీద పడేవాళ్ళ సంగతి తేల్చడం. మేట్రనమ్మతో పనిచేసిన ఒక నర్సు ఇంటి కేసు తేల్చింది ఆమే. అందుకే పొద్దున్నే ఫోన్ వచ్చింది.

జరిగింది మేట్రనమ్మ నిలబడే చెప్పింది, డ్యూటీ దిగే నర్సు వచ్చే నర్సుకి రోగి సంగతి అప్పజెప్పినట్టు. మొన్న ఈ మనిషి తలుపు కొట్టాడు. వీధిలో ఇళ్ళకి చెదలు పట్టాయట, ఉచితంగా చూసిపెడతానన్నాడు. అటక ఎక్కాడు, ఐదారు నిమిషాల్లో దిగాడు. అరచేతిలో కదులుతున్న చెదపురుగుల్ని చూపించాడు. ఫోన్లో ఫోటో చూపించాడు. దూలం పుచ్చిపోయింది, పైకప్పు మొత్తం విప్పి కొత్తది వేయకపోతే కూలుతుందన్నాడు. ఆమె ఒప్పంద కాగితం మీద సంతకం పెట్టేసింది. మూడు రోజుల్లో మనసు మార్చుకోవచ్చని ఆ కాగితంలోనే ఉంది. కానీ పని మొదలైతే ఇక రద్దు లేదని కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. అందుకని గడువు తీరకముందే ఇవాళ కూలీల్ని, నిచ్చెనల్ని తీసుకుని దిగిపోయాడు.

"వద్దన్నాను," అంది మేట్రనమ్మ. "వినలేదు. నిచ్చెన వేయించబోయాడు."

"బయట కూలీలు కంపెనీకి ఫోన్ చేశారు, కంపెనీ స్టేషన్‌కి చేసింది," అంది ఉడుం. "ఇన్‌స్పెక్టర్ బయల్దేరాడు. ఆయన వచ్చేసరికి ఈ గొళ్ళెం ఇలాగే ఉంటే జైలుకెళ్ళేది మీరిద్దరూ, ఇంటికెళ్ళేది అతనూ. మీరు చేసింది తప్పని నేననను. చట్టం అంటుంది."

చిట్టి కదల్లేదు. "బ్లాకులో టికెట్లమ్మేవాళ్ళని ముప్పై ఏళ్ళు చూశాను. పట్టుకున్నవాణ్ణి వదిలితే మళ్ళీ దొరకడు."

"దొరకడం నా పని. మీరు లేవండి."

గరిటె లాగి గొళ్ళెం తీసింది ఉడుం. తేనెసీసా బయటికొచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి. చొక్కా జేబు మీద కంపెనీ పేరు కుట్టి ఉంది. భయం తగ్గి, కోపం ఇంకా పూర్తిగా ఎక్కని ముఖం.

"మీ అందరి మీదా కేసు పెడతాను."

"పెట్టు నాయనా," అంది ఉడుం. "వీధి తలుపు తీసే ఉంది, నిన్నెవరూ ఆపరు. పోయేముందు నీ సంచి తీసుకుపో. దానికి చెద పట్టినట్టుంది."

అందరూ కుర్చీ పక్కనున్న తోలు సంచి వైపు చూశారు. జిప్పు మూల నుంచి మూడు తెల్లటి పురుగులు బయటికొచ్చి, ఎటు పోవాలో తెలియక అక్కడక్కడే తిరుగుతున్నాయి. చిట్టి కళ్ళజోడు సవరించుకుని వంగి చూసింది. తేనెసీసా సంచి వైపు ఒక అడుగు వేసి ఆగిపోయాడు.

"వెళ్ళవేం?" అంది ఉడుం.

"అవి... ఈ ఇంట్లోవే. పైనుంచి రాలాయి."

"చెదపురుగు నేల వదిలి పైకెక్కాలంటే మట్టితో గొట్టం కట్టుకుని అందులోంచి నడుస్తుంది. గాలి తగిలితే ఎండి చస్తుంది. ఈ గోడల మీద అలాంటి గొట్టం ఒక్కటి చూపించు. నీకు దణ్ణం పెట్టి సాగనంపుతాను."

అతను గోడల వైపు చూడనైనా లేదు.

"సంచిలో ఈ పురుగుల డబ్బా ఎవరిచ్చారు?"

అతను తెరిచి ఉన్న వీధి తలుపు వైపు చూశాడు.

"ఇన్‌స్పెక్టర్ రాకముందు నాతో అంటే నువ్వు సాక్షివి. వచ్చాక అంటే ముద్దాయివి. నీ ఇష్టం."

అతను కుర్చీలో కూర్చున్నాడు. "కంపెనీ ఇస్తుందండి. సేల్స్‌లో అందరికీ ఇస్తారు. తడిమట్టిలో పెట్టి ఇస్తారు, వారానికోసారి."

"సిగ్గులేదూ," అంది చిట్టి.

"ఉందండి. ఉద్యోగం కూడా ఉంది." ఆ మాట అని అతనే తల దించుకున్నాడు. తర్వాత హఠాత్తుగా మేట్రనమ్మ వైపు తిరిగాడు. "కానీ చెదల మాటే అబద్ధమమ్మా. దూలం సంగతి నిజం. ఆ ఫోటో ఇక్కడ తీసిందే. పైకెళ్ళి చూసి నేనే గబగబా దిగేశాను. ఆ గదిలో మాత్రం ఎవరినీ పడుకోనివ్వకండి."

ఉడుం అతని ముఖం చూసింది. అబద్ధాలు చెప్పేవాళ్ళని ఆమె చాలామందిని కూర్చోబెట్టింది. వాళ్ళు అబద్ధాన్ని నమ్మించడానికి ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూస్తారు. ఇతను పైకప్పు వైపు చూస్తున్నాడు.

"ఏ గది?" అంది చిట్టి.

చిట్టి వదిన వైపు తిరిగింది. రెండు రోజులుగా ఆమె వదినని ఊపిరి తీసుకోనివ్వలేదు. ఆసుపత్రంతా గడగడలాడించిన మనిషివి, ఎవడో వచ్చి కప్పు కూలుతుందనగానే కళ్ళు మూసుకుని సంతకం గీకేస్తావా అని దెప్పుతూనే ఉంది.

"నీ గదే," అంది మేట్రనమ్మ. "సరిగ్గా నీ మంచం మీద."

"నాతో అనొచ్చుగా."

"అంటే ఆ గది వదులుతావా? మా అన్న కట్టించిన గది, కూలితే నా మీదే కూలనీ అంటావు. నీ సంగతి నాకు తెలీదా?"

చిట్టి, ఇందాక లేచినప్పుడు ఒళ్ళోంచి జారిన గొడుగుని తీసి గోడకి ఆనించి, వదిన పక్కన వెళ్ళి నిలబడింది.

ఉడుం అప్పటికే అటక నిచ్చెన మీద ఉంది.

అటకలో వంగి నడవాలి. పాత పెట్టెలు, చుట్టి పెట్టిన పరుపు, విరిగిన ఊయల తొట్టి. టార్చి వెలుగులో దూలాలు ఒక్కొక్కటే తడిమి చూసింది. మొదటిది గట్టిగా ఉంది. రెండోదీ అంతే. వేలి కణుపుతో కొడితే కంగుమని పలికాయి. చిట్టి గది మీది దూలం దగ్గరికొచ్చి కొడితే డొల్ల చప్పుడైంది. ఆ ఒక్క చోటే.

దూలం పక్క భాగం మీద పైనుంచి కిందికి ఒక మట్టి చార ఉంది. చెదమట్టిలాగే ఉంది. తాళంచెవితో గీకింది. మట్టి పెళ్ళలుగా రాలింది. లోపల పురుగు తిన్న గుల్ల లేదు. సన్నటి గాటు ఉంది, స్కేలు పెట్టి గీసినట్టు. తాళంచెవి అందులోకి పూర్తిగా దిగిపోయింది. ఆమె తలపిన్ను తీసి దూర్చింది. అదీ దిగింది. గాటు అంచుల మీద రంపం పళ్ళ గీతలు తిన్నగా ఉన్నాయి.

సగానికి పైగా కోసేశారు.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది. దొంగ ఫోటోలు చూసింది. లేని తడిని గోడకి పూసినవాళ్ళని చూసింది. బాగున్న గొట్టాన్ని పగిలిందని చెప్పేవాళ్ళని చూసింది. మనుషులు నిద్రపోయే చోట నెత్తిమీది దూలాన్ని నిజంగా కోసినవాళ్ళని ఇదే చూడటం. భయం వేయాల్సిన చోట ఆమెకి మంట పుట్టింది.

తేనెసీసా పైన ఉన్నది ఐదారు నిమిషాలు. ఇంత లావు దూలాన్ని ఇంత లోతుకి కోయడానికి ఆ సమయం చాలదు. మరి ఎవరు?

టార్చి కాస్త పక్కకి జరిపింది. గాటు మధ్యలో, దూలానికి బిగించి, పళ్ళెమంత తెల్లటి పొగ అలారం ఉంది. గాటు దాని పైన కనిపించి, దాని వెనక్కి దూరి, కింద మళ్ళీ బయటపడింది. అలారం అంచు మీద, సగం ప్లాస్టిక్ మీద సగం కర్ర మీద పడేలా ఒక కాగితం సీలు అంటించి ఉంది. విప్పితే చిరిగిపోయే రకం. దాని మీద స్టేషన్ ముద్ర, పోయిన నెల తేదీ ఉన్నాయి.

సీలు చెక్కుచెదరలేదు.

కింద బూట్ల చప్పుడైంది. తర్వాత ఆమెకి బాగా తెలిసిన గొంతు వినిపించింది.

"మనిషిని గదిలో పెట్టి తాళం వేసిందెవరు?"

"నేను," అంది చిట్టి.

"అది కాదు, నేను," అంది మేట్రనమ్మ. "ఇల్లు నాది. ఈ ఇంట్లో గొళ్ళెం వేసినా తీసినా నేనే."

"గరిటె కూడా నువ్వే పెట్టావా వదినా? ఆ తెలివి నాది."

ఉడుం నిచ్చెన దిగింది. జుట్టంతా బూజు. ఇన్‌స్పెక్టర్ ఆమెను చూసి టోపీ సవరించుకున్నాడు. ఒకప్పుడు ఆమె కింద పని నేర్చుకున్నవాడే. ఆమె వెళ్ళిపోయాక ఆ కుర్చీలోకి వచ్చాడు. ఆ సంగతి ఇద్దరూ మర్చిపోలేదు.

"మీరున్నారన్నమాట," అన్నాడు. "ఇది సివిల్ గొడవండీ. కాగితం ఉంది, సంతకం ఉంది. పెద్ద వయసు, పెద్ద చదువు. తెలీక పెట్టారంటే ఎవరు నమ్ముతారు? పైగా మనిషిని బంధించారు. నేను కళ్ళు మూసుకోవాలా?"

"వద్దు. తెరువు. పైకి రా."

"మీ కింద పనిచేసే రోజులు పోయాయి."

"పోయాయి. అందుకే ఆజ్ఞ కాదు ఇది. బతిమాలుతున్నాననుకో. ఐదు నిమిషాలు చూసి, తర్వాత మా ముగ్గురినీ జీపెక్కించు."

"మోసపోయామని వచ్చిన ప్రతివాళ్ళ వెనకా మీరు ఇలాగే తిరుగుతారు. ముందు జాగ్రత్త వాళ్ళకుండాలి గానీ."

ఆ మాటకి మేట్రనమ్మ తలెత్తింది. "బాబూ, ముప్పై మంది రోగులున్న వార్డులో దొంగ పడితే, నిద్రపోయినందుకు రోగుల్ని తిట్టం. దొంగని పట్టుకుంటాం. నేను సంతకం పెట్టాను. నా మనిషి బతకాలని పెట్టాను. దానికి నేను సిగ్గుపడను, నువ్వూ నన్ను సిగ్గుపడమనకు."

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి బల్ల మీద పెట్టి నిచ్చెన ఎక్కాడు.

పైన ఉడుం టార్చి పట్టుకుంది. గాటు చూసి అతను ఈల వేసినట్టు గాలి వదిలాడు. "ఇది ఆ సేల్స్ వాడి పనే. వాణ్ణి ఇప్పుడే లోపలేస్తాను."

"తొందరపడకు. గాటు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్ళింది?"

అతను చూశాడు. అలారం పైన, అలారం కింద.

"అలారం విప్పి, కోసి, మళ్ళీ బిగించుంటాడు."

"సీలు చూడు."

అతను చూశాడు. వేలితో తడిమాడు. ఎక్కడా చిరుగు లేదు. ఆ ముద్ర అతని బల్ల సొరుగులోదే.

"నువ్వే చింపు," అంది ఉడుం. "నేను చింపితే నేనే ఏదో చేశానంటావు."

అతను సీలు చింపాడు. ఆమె ఇచ్చిన స్క్రూడ్రైవర్‌తో రెండు మరలూ తీశాడు. అలారం చేతిలోకి ఊడి వచ్చింది. దాని వెనక గాటు తెగకుండా సాగిపోయింది. ప్లాస్టిక్ బిళ్ళకీ కర్రకీ మధ్య నలిగి అణిగిపోయిన రంపపు పొట్టు అతని బూట్ల మీద రాలింది.

"ముందు కోశారు," అంది ఉడుం. "ఆ తర్వాత దాని మీద నీ అలారం బిగించారు. సీలు వేశారు."

ఒంటరి ఆడవాళ్ళుండే ఇళ్ళకి ఉచితంగా పొగ అలారాలు. ఆ పథకం అతనిదే. దానికి మెచ్చుకోలు వచ్చింది, పేపర్లో ఫోటో వచ్చింది. ఆ సంగతులేవీ ఉడుం ఎత్తలేదు. ఎత్తాల్సిన పని లేదని అతని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"అలారాలు ఎవరిచ్చారు?"

"ఒక ట్రస్టు."

"దాని వెనక ఎవరున్నారో అడిగావా?"

"ఉచితంగా ఇస్తామంటే..." అతను ఆగిపోయాడు. ఉచితంగా చూసిపెడతామంటే నమ్మినందుకే కదా కింద ఆ ముసలావిడని ఇందాక తప్పుపట్టాడు.

"బిగించే మనిషి?"

"వాళ్ళ మనిషే. మేం గుర్తింపు కార్డూ, ముద్ర వేసిన సీళ్ళూ ఇచ్చాం. స్టేషన్ తరపున అని."

ఇద్దరూ దిగారు. పైన చూసింది ఉడుం రెండు ముక్కల్లో చెప్పింది. ఇన్‌స్పెక్టర్ చేతిలో అలారం చూడగానే చిట్టి గుర్తుపట్టింది. "అది పెట్టడానికొచ్చినవాడు గంటసేపు రొద పెట్టాడు. నేను రేడియో పెంచుకుని కూర్చున్నాను. పోలీసు మనిషి కదా, టీ కూడా ఇచ్చాను." ఆమె తన గది వైపు చూసింది. "నా నెత్తిమీది దూలం కోస్తున్నవాడికి టీ ఇచ్చాను."

"నేను బిస్కెట్లు కూడా పెట్టాను," అంది మేట్రనమ్మ. "లెక్క సరిపోయింది, ఇక ఊరుకో."

తేనెసీసా కుర్చీలోనే ఉన్నాడు. వాకిలి తెరిచే ఉన్నా వెళ్ళలేదు. దూలాన్ని కోశారన్న మాట వినగానే సగం లేచి మళ్ళీ కూర్చున్నాడు.

"మేం వెళ్ళే ఇళ్ళ గురించి కంపెనీలో ముందే చెబుతారు," అన్నాడు. "ఏ గది, ఎన్నో దూలం అన్నీ. స్కానర్‌తో బయటి నుంచే కనిపెడతామన్నారు. నేను నమ్మాను."

"చెదల డబ్బా ఉండగా నిజంగా కోయడం దేనికి?" అంది చిట్టి.

"ఇప్పుడు జనం ఊరికే నమ్మరు," అంది ఉడుం. "వేరే వడ్రంగిని పిలిచి చూపిస్తారు. ఆ వడ్రంగి కూడా నిజమే, కప్పు కూలుతుంది అనాలి. మట్టి గీకి చూసేవాడు నూటికొకడు. అంతకంటే గట్టి సాక్ష్యం ఏముంది?" ఆమె తేనెసీసా ముందు మోకాలు వంచి కూర్చుంది. "సంతకం పెట్టినవాళ్ళ కప్పు విప్పి బాగుచేస్తారు. దాంతో కోసిన ఆనవాలు పోతుంది. సంతకం పెట్టనివాళ్ళ సంగతేంటి?"

ఉడుం ఈ ప్రశ్నని పైన అటకలోనే వేసుకుంది. జవాబు తెలుసు. అయినా మరొకరి నోట వినాలనుకుంది. ఇన్నాళ్ళూ ఆమె వీధి వీధికీ తిరిగి జనానికి నేర్పిన మాట ఒక్కటే: తలుపు కొట్టి భయపెట్టేవాణ్ణి నమ్మకండి, కుదరదని చెప్పి పంపేయండి. అలా చెప్పి పంపేసినవాళ్ళంతా ఇప్పుడు కోసిన దూలాల కింద ధీమాగా నిద్రపోతున్నారు.

"వాళ్ళు అలాగే ఉన్నారండి," అన్నాడు తేనెసీసా.

"నిన్ను కాదు పొమ్మన్నది ఎవరు?"

"నన్నైతే ఒక్కరే. మార్కెట్ వెనక వీధిలో పసిపిల్లల్ని చూసుకునే ఆవిడ. కింద పిల్లలుంటారు, పైన అటక. నా అరచేతిలో పురుగుల్ని చూసి నవ్వింది. ఇంకోసారొస్తే కుక్కని వదులుతానంది. ఆ మాట ఆఫీసులో చెప్పాను. వదిలెయ్, ఆవిడే మనల్ని పిలిచేలా చేస్తాం అన్నారు."

"ఎలా?"

"అడగలేదండి. అలారంలో బ్యాటరీ మార్చాలి, మనిషిని పంపుతున్నాం అని మాత్రం అనుకున్నారు."

ఇన్‌స్పెక్టర్ ఫోన్ తీశాడు. పథకంలో ఉన్న ఇళ్ళ నంబర్లన్నీ అతని దగ్గరే ఉన్నాయి. మొదటిసారి ఎవరూ ఎత్తలేదు. రెండోసారీ ఎత్తలేదు. ఉడుం వాకిట్లోకి వెళ్ళి జీపు డ్రైవర్‌ని ఇంజన్ స్టార్ట్ చేయమంది. మేట్రనమ్మ ఎవరూ అడక్కుండానే బీరువాలోంచి దూది, కట్లు తీసి సంచిలో సర్దుతోంది.

మూడోసారి ఎత్తారు. అందరికీ వినబడేలా అతను స్పీకర్ నొక్కాడు. అవతలి ఆడగొంతు గుసగుసగా ఉంది.

"నెమ్మదిగా మాట్లాడండి సార్. ఇప్పుడే పిల్లలందరినీ పడుకోబెట్టాను."

"అమ్మా, నేను స్టేషన్ నుంచి ఇన్‌స్పెక్టర్ని. పిల్లల్ని లేపండి. వెంటనే బయటికి..."

"అయ్యో, నేనే మీకు చేద్దామనుకుంటున్నాను. బ్యాటరీ మార్చడానికని మీరు పంపిన మనిషి ఇంకా అటక మీదే ఉన్నాడు. ఆ కోత చప్పుడు కాస్త ఆపమని మీరే చెప్పండి సార్. దుమ్మంతా పిల్లల మీద రాలుతోంది."